జీలుగు చెట్టు - జపాను బూజు

జపాను దేశం చూడబోయిన యాత్రికునికి అక్కడి పట్టణాలలో ఒక వింత వస్తువు కంటబడుతుంది. సాకే అనే బియ్యపు మద్యాన్ని తయారుచేసే ఇళ్ళ చూరున, సుగి అనే దేవదారువంటి చెట్టు కొమ్మల కొనలతో కూర్చిన పెద్ద బంతి వ్రేలాడుతూ ఉంటుంది. చలికాలంలో క్రొత్త సాకే దిగినప్పుడు ఆ బంతిని కడతారు. అప్పుడది పచ్చగా ఉంటుంది. నెలలు గడచినకొద్దీ ఆకు ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. లోపలి పీపాలలోని సరుకు ఎంత ముదిరినదో వీధిన పోయేవాడు ఆ రంగునుబట్టి పోల్చుకొంటాడు. సాయంత్రం బసకు చేరిన యాత్రికునికి ఆ ఊరి సాకేను, ఆ ఊరి చేపతోను ఆ ఊరి ఊరగాయతోను వడ్డిస్తారు. ఒక ఊరి సాకే మరొక ఊరి సాకేవలె ఉండదు. కోబే నగరం ప్రక్కన ఉన్న నాడ ప్రాంతపు నీరు గట్టి జలం. క్యోటో నగరంలోని ఫుషిమి నీరు అంతకంటె మెత్తనిది. ఆ భేదం రుచిలో తెలుస్తుందంటారు. దేశం మొత్తంమీద ఇట్టి తయారీ ఇళ్ళు వెయ్యికి పైగా ఉన్నవి. వాటి సీసాలు ఓడలెక్కి ప్రపంచమంతా తిరుగుతున్నవి.

ఇక మన యాత్రికుని సంగతి చూద్దాం. ఖమ్మంలో బస్సు ఎక్కినవాడు కొత్తగూడెం, పాల్వంచ, సారపాక దాటి, 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరుతాడు. పదిమందిలో తొమ్మండుగురు రామదర్శనం చేసుకొని అక్కడి నుంచే వెనుకకు తిరుగుతారు. తిరగకుండా ముందుకు సాగినవానికి ఒక దారి గోదావరి వెంట దుమ్ముగూడెం, చర్ల వైపు పోతుంది. మరొకటి శబరి నది గోదావరిలో కలిసే కూనవరం వైపు, ఇంకొకటి చింతూరు వైపు పోతవి. ఈ ప్రాంతపు పాలనా చరిత్ర కొంత చిక్కుగా ఉంటుంది. భద్రాచలం తాలూకా 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోనికి వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016లో భద్రాచలం పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. సరిహద్దు గీత ఎటు జరిగినా గీతకు రెండు ప్రక్కలా ఉన్నది ఒకే అడవి. అందులో నివసించేవారు కోయలు, కొండరెడ్లు.

ఇక్కడ ఏ ఇంటి చూరునా బంతి వ్రేలాడదు. తెల్లవారుజామున వాగుల వెంట, కొండ మలుపుల తడి నేలలలో, చేపతోకవంటి ఆకులు గల ఒక తాటి జాతి చెట్టు క్రింద నలుగురు కూర్చొని ఉంటారు. అది జీలుగు చెట్టు. ఒకే వెదురు బొంగుకు కణుపుల వద్ద కొమ్మ మొదళ్ళు మెట్లుగా వదలి చేసిన నిచ్చెన చెట్టుకు ఆన్చి ఉంటుంది. ఒకడు ఎక్కి, గెల కొసను పలుచగా చెక్కి, నిండిన లొట్టిని దించుతాడు. సొరకాయ బుర్రతో ముంచి ఆకుదొప్పలలో పోస్తారు. తియ్యగా, కొంచెం చురుకుగా ఉన్న ఆ కల్లు మధ్యాహ్నానికి తీపి తగ్గి ఘాటెక్కుతుంది. రాత్రికి పులుస్తుంది. మరునాటికి దాదాపు పుల్లనీరు. కాబట్టి జీలుగు కల్లు యాత్రికుని వద్దకు రాదు. యాత్రికుడే దాని వద్దకు పోవలె, అదీ ప్రొద్దెక్కక ముందు పోవలె.

రెండూ ఆల్కహాలు గల పానీయాలే. రెండింటిలోనూ ఆల్కహాలును చేసేవి సూక్ష్మజీవులే. అయినా ఒకటి సముద్రాలు దాటుతుంటే మరొకటి చెట్టు నీడ దాటలేకపోవటానికి కారణమేమి? జపానువారి నేర్పు అన్నది సగం సమాధానమే. అసలు సమాధానం, పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పని ఎక్కడ ఎవరు చేస్తున్నారనే ప్రశ్నలో ఉన్నది.

పిండికీ చక్కెరకూ మధ్య

ఆల్కహాలు పుట్టేది చక్కెర నుంచి. ఈస్టు అనే ఏకకణ జీవి ద్రాక్షచక్కెరను, అనగా గ్లూకోజును, ఆల్కహాలుగాను బొగ్గుపులుసు వాయువుగాను విడగొట్టి, ఆ మార్పులో వెలువడే శక్తితో జీవిస్తుంది. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తవి. కల్లు లొట్టి పైన తేలే నురుగు ఈ వాయువు వలననే. బ్రతికి ఉన్న కణం లేకుండ ఈ మార్పు జరుగదని చాలకాలం అనుకొన్నారు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈస్టు కణాలను నూరి పిండిన రసం కూడ చక్కెరను పులియించగలదని నిరూపించాడు. ఆ పనిని చేసేవి కణంలోని ఎంజైములని దానివలన తెలిసింది. ఆయనకు 1907లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఈస్టుకు ఒక లోపం ఉన్నది. బియ్యంలోను, జొన్నలోను, దుంపలలోను ఉండే పిండిపదార్థాన్ని అది తినలేదు. పిండిపదార్థం వందలు వేలు గ్లూకోజు అణువులు గొలుసుగా కూర్చబడిన పెద్ద అణువు. ఆ గొలుసును ఎవరో ఒకరు ముందుగా త్రెంచి ఇవ్వవలె. బియ్యంలో నీళ్ళు పోసి ఎంత ఈస్టు కలిపినా సాకే రాదు.

గొలుసును త్రెంచే ఎంజైము మన నోటిలోనే ఉన్నది. పాఠశాలలో దీనిని చూపించటం చాల సులభం. పలుచని గంజిలో ఒక చుక్క అయొడిను ద్రావణం వేస్తే ముదురు నీలిరంగు వస్తుంది. మరొక పరీక్షనాళికలో అదే గంజిని కొంచెం లాలాజలంతో కలిపి, అరచేతి వేడిలో పది పదిహేను నిమిషాలు ఉంచి అయొడిను వేస్తే నీలిరంగు రాదు, లేదా చాల తక్కువగా వస్తుంది. అటుకులు ఎక్కువసేపు నమిలితే తీపెక్కటానికి కారణం ఇదే. ప్రాచీన జపానులో బియ్యాన్ని నమిలి ఉమిసి పులియబెట్టే పద్ధతి ఉండేది. వినటానికి ఏవగింపుగా ఉన్నా, రసాయనశాస్త్రం దృష్టిలో అందులో తప్పేమీ లేదు.

రెండవ ఉపాయం మొలక. మొలకెత్తే గింజ తన పిండిని చక్కెరగా మార్చుకొని మొక్కకు ఆహారంగా ఇస్తుంది. అందుకు కావలసిన ఎంజైమును తానే తయారుచేసుకొంటుంది. ఐరోపాలో బార్లీని మొలకెత్తించి బీరు చేయటం ఈ మార్గమే. అంత దూరం పోనక్కరలేదు. చింతూరు దాటి పోతే బస్తరు ప్రాంతంలో బియ్యపు పిండిని ఆవిరిమీద ఉడికించి, మొలకెత్తిన మొక్కజొన్న పొడి కలిపి పులియబెట్టే లండా అనే పానీయం ఉన్నది. బార్లీకి బదులు మొక్కజొన్న, సూత్రం ఒక్కటే.

మూడవ ఉపాయం బూజు. దానిని కనిపెట్టి, తరతరాలుగా పెంచుకొన్న తూర్పు ఆసియా జాతులలో జపానువారు ముఖ్యులు.

బూజు చేసే పని

బియ్యపు గింజ పైపొరలలో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ. అవి సాకే రుచిని చెడగొడతవి. అందుచేత బియ్యాన్ని బాగుగా చెక్కుతారు. గింజ బరువులో 60 శాతమో అంతకు తక్కువో మిగిలేవరకు చెక్కిన బియ్యంతో చేసినదానిని గింజో అనీ, 50 శాతానికి దించినదానిని దైగింజో అనీ అంటారు. దంపుడు బియ్యపు తవుడులోని పుష్టిని గురించి పాఠాలు చెప్పే మన ఉపాధ్యాయులకు ఇది కొంత కష్టం కలిగించే విషయమే. ఆ తవుడును పారవేయరు, ఊరగాయలకూ పశువులకూ వాడతారని తెలిస్తే ఊరట కలుగవచ్చు.

చెక్కిన బియ్యాన్ని కడిగి, నానబెట్టి, ఆవిరిపై ఉడికిస్తారు. అందులో కొంత భాగాన్ని వెచ్చని తేమ గదిలో పరచి, ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు యొక్క సిద్ధబీజాలను సన్నగా చల్లుతారు. సుమారు రెండు రోజులలో మెతుకు మెతుకునా తెల్లని నూగు పట్టి, వేయించిన పప్పువంటి వాసన వస్తుంది. ఇదే కోజి. గొలుసును త్రెంచే ఎంజైములు దీనిలో సమృద్ధిగా ఉంటవి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. చిలికి నీరు కలుపని సాకేలో ఆల్కహాలు నూటికి 18 నుంచి 20 వంతుల వరకు ఉంటుంది. లీటరులో 20 వంతుల ఆల్కహాలు రావలెనంటే, పైన చెప్పిన లెక్క ప్రకారం లీటరుకు 310 గ్రాముల చక్కెర కావలె. అంత చిక్కని పాకంలో ఈస్టు సరిగా బ్రతకలేదు. చక్కెర పాకంలో ఊరవేసిన ఉసిరికాయ చెడిపోకుండ ఉండటానికి కారణం ఇదే గదా. పాకం కణంలోని నీటిని బయటికి లాగివేస్తుంది. మరి సాకే ఎట్లా సాధ్యమైనది? కోజిని, ఉడికిన బియ్యాన్ని, నీటిని, ఈస్టును ఒకే తొట్టిలో కలుపుతారు. అదీ ఒకేసారి కాదు. నాలుగు రోజులలో మూడు విడతలుగా. చల్లని వాతావరణంలో మూడు నాలుగు వారాలపాటు ఒక ప్రక్క బూజు ఎంజైములు పిండిని కొంచెం కొంచెంగా చక్కెర చేస్తూ ఉంటే, మరొక ప్రక్క ఈస్టు దానిని అప్పటికప్పుడు ఆల్కహాలు చేస్తూ ఉంటుంది. ఎన్నడూ చక్కెర పేరుకొనదు, ఎన్నడూ కొరవడదు. వంటింట్లో ఒకరు చపాతీలు వత్తుతూ ఉంటే మరొకరు కాలుస్తున్నట్లు. బార్లీ బీరులో ఈ రెండు పనులు ఒకదాని తరువాత ఒకటి జరుగుతవి. సాకేలో జమిలిగా జరుగుతవి. వాయువును ఆపి బట్టీపట్టకుండ, కేవలం పులియబెట్టటం వలన ఇంత ఆల్కహాలు రావటం అరుదు.

నిలువ ఉంచే ఉపాయం కూడ వారికి ముందే తెలిసింది. వడగట్టిన సాకేను సుమారు 60, 65 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి మూతవేసే అలవాటు 16వ శతాబ్దం నాటికే జపానులో ఉన్నది. లూయీ పాశ్చర్ ఫ్రాన్సులో ద్రాక్షాసవాన్ని ఇట్లే వేడిచేసి కాపాడవచ్చునని నిరూపించింది 1860 తరువాతి దశాబ్దంలో. సూక్ష్మజీవి అనే ఊహ లేకుండానే జపాను పనివాండ్రు సూక్ష్మజీవిని చంపారు. తోక్యోలో ఆచార్యుడుగా పనిచేసిన ఆట్కిన్‌సన్ అనే ఆంగ్ల రసాయనజ్ఞుడు 1881లో సాకే తయారీ రసాయనశాస్త్రంపై గ్రంథం ప్రచురించి, ఈ పద్ధతిని పాశ్చాత్యులకు తెలిపాడు. 1894లో జోకిచి తకమినే అనే జపాను శాస్త్రజ్ఞుడు కోజి వంటి బూజు నుంచి ఎంజైమును వేరుచేసి, అజీర్తికి మందుగా అమెరికాలో హక్కుపత్రం పొందాడు. ఎంజైముల పరిశ్రమకు అది తొలి మెట్లలో ఒకటి. 2024 డిసెంబరులో కోజితో సాకే చేసే సంప్రదాయ విద్యను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

కోజి బూజుకు దగ్గరి చుట్టం ఒకటి మన ప్రాంతంలో రైతులకు పరిచితమే. వేరుశనగ, మొక్కజొన్న, మిరపకాయలు తడిసి ఆరకుండ కుప్పపడితే పట్టే ఆకుపచ్చ బూజులలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ ఒకటి. అది అఫ్లటాక్సిన్ అనే, కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని పుట్టించగలదు. కోజి బూజు ఆ జాతి నుంచే మనిషి చేతిలో సాధువైనదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కోజి బూజు ఆ విషాన్ని తయారుచేయదు. తోడేలుకూ కుక్కకూ ఉన్న సంబంధం వంటిది ఇది. కాబట్టి బియ్యానికి ఏదో ఒక బూజు పట్టించి సాకే చేద్దామనుకొనే విద్యార్థి ఎవరైనా ఉంటే, ఆ ప్రయత్నం ప్రాణానికి చేటు.

చెట్టు చేసే పని

ఇప్పుడు తిరిగి వాగు గట్టుకు వద్దాం. జీలుగు చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కారియోటా యూరెన్స్. యూరెన్స్ అంటే లాటిన్ భాషలో మండించేది. దాని పండు గుజ్జులోని సూదులవంటి స్ఫటికాలు చర్మానికి తగిలితే దురద, మంట పుడతవి. తాడి ఏటేటా పూస్తుంది. జీలుగు అట్లా కాదు. పది పదిహేను సంవత్సరాలు ఒక్క పువ్వైనా లేకుండ పెరుగుతుంది. ఆ కాలమంతా ఆకులు తయారుచేసిన చక్కెరలో కొంత భాగాన్ని పిండిపదార్థంగా మార్చి మ్రాను లోపలి దవ్వలో దాస్తుంది. ఈడు వచ్చిన తరువాత మొట్టమొదటి గెల తలలో పడుతుంది. ఆ తరువాత గెల గెలకూ ఒక్కొక్క మెట్టు దిగుతూ కొన్నేళ్ళు పూసి, అట్టడుగు గెలతో చెట్టు చచ్చిపోతుంది. జీవితమంతా కూడబెట్టి ఒకేసారి ఖర్చుపెట్టే స్వభావం.

గెల బయలుదేరినప్పుడు చెట్టు తన దవ్వలోని పిండిని తన ఎంజైములతోనే చక్కెరగా కరిగించి పూలవైపుకు పంపుతుంది. గీతకాడు గెల కొసను చెక్కి అందుకొనేది ఈ చక్కెర నీటినే. జపానులో బూజు చేసే పనిని ఇక్కడ చెట్టే చేసిపెడుతున్నది! కోజి రెండు రోజులలో చేసేదానిని జీలుగు తన కడుపులో చేసుకొంటుంది. కాని ఆ పిండిని పోగుచేయటానికి పది పదిహేనేళ్ళు తీసుకొంటుంది. మంచి చెట్టు రోజుకు పది లీటర్లకు మించి రసమిస్తుంది.

దవ్వలో పిండి ఉన్నదని కొండరెడ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1940, 41 ప్రాంతాలలో పాపికొండలలో తిరిగి కొండరెడ్ల జీవితాన్ని గురించి 1945లో గ్రంథం ప్రచురించిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్, ధాన్యం కరవైన నెలలలో వారికి జీలుగు కల్లు ఎంతటి ఆధారమో, దవ్వ పిండి ఎట్లా ఆకలి తీర్చేదో వ్రాశాడు. బ్రతికి పూస్తే చక్కెర నీరు, నరికి దంచితే సగ్గుబియ్యపు పిండి. రెండూ ఒకే సరుకు, రూపం వేరు.

లొట్టిలో జరిగే పని

చెట్టు నుంచి అప్పుడే కారిన రసంలో ఆల్కహాలు ఉండదు. లీటరుకు 100 నుంచి 150 గ్రాముల చక్కెర ఉంటుంది. అందులో ఎక్కువ భాగం చెరకులో ఉండే చక్కెరయే. 120 గ్రాములని తీసుకొంటే, అంతా పులిసినా లీటరుకు 65 గ్రాముల ఆల్కహాలుకు మించి రాదు. అనగా పరిమాణంలో నూటికి సుమారు 8 వంతులు. ఉదయపు కల్లులో అంత కూడ ఉండదు.

ఈస్టును ఎవరూ వేయరు. గాలిలో, గెల కోతలో, పురుగుల కాళ్ళమీద, అన్నిటికంటె ఎక్కువగా నిన్నటి లొట్టి అంచున అది ఉన్నది. దానికి తోడు జైమోమొనాస్ అనే బాక్టీరియా చేరుతుంది. ఇది ఈస్టుకంటె కూడ చురుకుగా చక్కెరను ఆల్కహాలు చేయగలదు. మెక్సికోవారి పుల్కే అనే కిత్తనార జాతి కల్లులో కూడ ఇదే కనబడింది. పాలను పెరుగు చేసే జాతికి చెందిన బాక్టీరియాలు పులుపునిస్తవి. చక్కెర తగ్గి ఆల్కహాలు పెరిగిన పిదప గాలి తగిలితే వినెగారు బాక్టీరియాలు ఆల్కహాలును తినటం మొదలుపెడతవి. వేసవి ఎండలో ఈ అంకాలన్నీ ఒక్క పగటిలో ముగుస్తవి.

సాకే చేసేవాడు చలికాలాన్ని, శుభ్రతను, విడతలను ఉపయోగించి ఈ జీవులను అదుపులో పెడతాడు. అతని సరుకు బియ్యం; బియ్యం ఏడాదిపాటు గాదెలో ఆగుతుంది. లొట్టిలోని సరుకు చక్కెర నీరు. అది ఒక్క గంట కూడ ఆగదు. తేడా మనుషుల తెలివిలో లేదు.

ఆపే ఉపాయాలు కొన్ని ఉన్నవి. లొట్టి లోపల సున్నం పూస్తే క్షారగుణం వలన సూక్ష్మజీవులు పెరుగవు, వచ్చేది నీరా. మంచు చల్లదనంలో ఉంచినా కొంతకాలం నిలుస్తుంది. హైదరాబాదులో 2023లో నీరా కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రాన్ని తెరచారు. రంపచోడవరం వద్ద పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానంలో జీలుగు నీరాపై పరిశోధనలు జరిగినవి. సింహళంలో ఇదే చెట్టును కితుల్ అంటారు. అక్కడ రసాన్ని పులియనీయకుండ కాచి, పానకంగాను బెల్లంగాను అమ్ముతారు. కితుల్ పానకం సీసాలు ఓడలెక్కుతున్నవి కూడ.

ఇప్పపువ్వు

అడవిలో నిలువకు ఆగే చక్కెర ఒకటి ఉన్నది. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూస్తుంది. గబ్బిలాలు వచ్చి పరాగసంపర్కం చేసిపోతవి. తెల్లవారుజామున మెత్తని, కండగల పూలు నేల రాలుతవి. స్త్రీలు, పిల్లలు ప్రొద్దు పొడవక ముందే ఏరుకొంటారు. ఆలస్యమైతే ఎలుగుబంటితో పంచుకోవలసి వస్తుంది. ఏరటం సులువుగా ఉంటుందని చెట్టు క్రింది ఆకులకు నిప్పు పెట్టే అలవాటు వలన అడవికి హాని జరుగుతున్నది. ఎండబెట్టిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరయే. తేమ పోయినందువలన అది నెలల తరబడి చెడదు. వేయించి, ఉడికించి, దంచి తింటారు. కరవు కాలంలో ఎందరి ప్రాణాలనో నిలిపినది ఇదే. ఉట్నూరు ప్రాంతపు ఆదివాసి స్త్రీలు ఇప్పుడు దీనితో లడ్డూలు చేస్తున్నారు.

నానవేసి కొన్ని రోజులు పులియనిచ్చి బట్టీపడితే ఇప్పసారా వస్తుంది. ఆల్కహాలు 78 డిగ్రీల వద్ద, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతవి గనుక మొదటి ఆవిరిలో ఆల్కహాలు పాలు ఎక్కువ. కుండపై కుండ పెట్టి, పైకుండలో చల్లని నీరు మార్చుతూ ఆవిరిని చుక్కలుగా దించటం రసాయన ప్రయోగశాలలోని స్వేదనమే. జపానులో దీనికి సాటి సాకే కాదు, షోచూ.

వంటలో కూడ ఈ భేదం

జపాను వంటగదిలో కోజి ఒక్క సాకేకే పరిమితం కాదు. సోయా పులుసు, మిసో అనే ముద్ద, అమజాకే అనే తియ్యని గంజి అన్నీ దాని సంతానమే. అందుచేత సాకే త్రాగేవాని కంచంలోని రుచి, గిన్నెలోని రుచి ఒకే కుటుంబానివి. భద్రాచలం అడవిలో అట్లా కాదు. ఇక్కడి కంచంలో జొన్న అంబలి, వెదురు కొమ్ములు, అడవి దుంపలు, చింతపండు ఉంటవి. యాత్రికులు ఇప్పుడు ఎక్కువగా వెదికేది బొంగులో కోడి. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పులపై కాలుస్తారు. వెదురు ఎందుకు కాలిపోదు? పచ్చి గోడలోని నీరు ఆవిరి అయ్యేంతవరకు దాని వేడి 100 డిగ్రీలను పెద్దగా దాటదు. పైన మసి, లోపల ఆవిరి వంట. నూనె, నీరు అక్కరలేదు.

అడవి వంటలో బూజు ప్రసక్తి వచ్చేది మేలుకు కాదు. మామిడి టెంకలోని జీడిని వగరు పోయేవరకు వాగు నీటిలో నానవేసి, ఎండబెట్టి దంచి అంబలి కాచే ఆచారం తూర్పు కనుమల ఆదివాసులలో ఉన్నది. బాగుగా ఎండినది మంచి ఆహారమే. వానలలో తడిసి బూజు పట్టినది విషం కావచ్చు. ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో 2001లోను, కంధమాల్ జిల్లాలో 2024లోను మామిడి జీడి తిన్న తరువాత మరణాలు సంభవించినవి. ఇది రుచికి సంబంధించిన విషయం కాదు. ఇంట్లో వేరే గింజ లేని నెలలకు సంబంధించినది.

కల్తీ, చట్టం

జీలుగు కల్లు మైదానానికి రాలేదు గాని, కల్లు అనే పేరుతో మైదానాలలో అమ్మేదంతా చెట్టుది కాదు. నీళ్ళలో క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపి అమ్మటం తెలంగాణలో పాతబడిన నేరం. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయినచోట ఇట్లా జరుగుతుంది. నిక్కమైన కల్లులో ఈస్టు వలన బి-విటమినులు ఉన్నమాట నిజమే. కాని ఆల్కహాలు కాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో ఉన్నదనే మాట కూడ అంతే నిజం. చెట్టుది గదా అని మినహాయింపు లేదు.

1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడుకను నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు, లేక తగిన పంచాయతీకి ఉండవలెనన్నది. అడవి చిల్లర ఉత్పత్తులపై హక్కును కూడ ఆ చట్టమే పేర్కొన్నది. అంటే ఏ చెట్టు కల్లు ఎవరు త్రాగవలె, ఎంత అమ్మవలె అనే నిర్ణయం చెట్టు క్రింద కూర్చున్నవారిదే కావలెనని దాని భావం. బయటినుంచి వచ్చినవాడు పిలిస్తే కూర్చోవచ్చు. దొప్ప ఇచ్చారు గదా అని లొట్టెడు కొనుక్కొని కారులో వేసుకొని పోదామనుకోవటం ఆ ఊరి నాలుగిళ్ళ మధ్యాహ్నపు ఆహారాన్ని తీసుకొనిపోవటమే అవుతుంది.

ఆ చెట్ల సంగతే ఇప్పుడు సందిగ్ధంలో ఉన్నది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలలోని అనేక గ్రామాలు పోలవరం జలాశయపు ముంపు పరిధిలోనికి వస్తున్నవి. ఇంటికి వెల కట్టవచ్చు. భూమికి భూమి చూపవచ్చు. సాకే చేసే ఇల్లు కాలిపోయినా, కోజి బీజాలు మరొకచోట నుంచి తెచ్చుకొని మరుసటి చలికాలానికి పని ప్రారంభించవచ్చు. జీలుగు చెట్టు విషయంలో అట్లా కుదరదు. దాని గింజ మొలకెత్తటానికే నెలలు పడుతుంది. నీడ, తడి ఉన్న వాగు ప్రక్కన నాటవలె. క్రొత్త కాలనీలలో అట్టి చోటు వెదికి చూచుకోవలసిందే. ఈ తొలకరిలో నాటిన మొక్కకు మొదటి గెల పడేనాటికి, నేడు ఆరవ తరగతిలో కూర్చున్న పిల్లవాడు కళాశాల చదువు ముగించి ఉంటాడు.